అక్కడ అడ్మిషన్లు ఎక్కువ, ఇక్కడ ఓపీ ఎక్కువ: ప్రాంతాలవారీగా మానసిక వైద్య సేవల వాడకాన్ని పోల్చడం ఎలా

లక్ష జనాభాకు ఒక ప్రాంతంలో 350 సైకియాట్రీ అడ్మిషన్లు, పక్క ప్రాంతంలో 180. ఈ రెండు అంకెలు మీటింగ్‌లో తెర మీద పడితే చాలు, ఐదు నిమిషాల్లో తీర్పులు మొదలవుతాయి. "అక్కడ మానసిక జబ్బులు ఎక్కువ" అని ఒకరంటారు. "అక్కరలేకపోయినా చేర్చేసుకుంటున్నారు" అని ఇంకొకరు. "అసలు సమస్య అంకె తక్కువ ఉన్నచోటే, అక్కడ పట్టించుకునే నాథుడే లేడు" అని మూడో ఆయన. ముగ్గురిలో ఎవరి మాటైనా నిజం కావచ్చు, ఎవరిదీ కాకపోవచ్చు. ఆ రెండు అంకెలు మాత్రం ఆ సంగతి చెప్పలేవు.

ఆరోగ్య శాఖ డేటా చూసేవాళ్లకి, ప్రజారోగ్యం చదువుతున్నవాళ్లకి, ఇలాంటి రిపోర్టులు చదివి వార్త రాయాల్సినవాళ్లకి ఈ గైడ్. ఎక్సెల్‌లో టేబుల్ వేయడం వస్తే చాలు, పెద్ద స్టాటిస్టిక్స్ అక్కర్లేదు. ఓపిక మాత్రం కావాలి, ఎందుకంటే ఇందులో సగం పైగా పని లెక్క వేయడానికి ముందే ఉంటుంది.

ముందుగా ఒక పాత సంగతి

అమెరికాలోని మసాచుసెట్స్‌లో ఎడ్వర్డ్ జార్విస్ అనే డాక్టర్ ఉండేవారు. మానసిక ఆసుపత్రులకు రోగులు ఎక్కడెక్కడి నుంచి వస్తున్నారో లెక్క తీసి 1850లో ప్రచురించారు. ఆసుపత్రి ఉన్న కౌంటీ నుంచి, దాని చుట్టుపక్కల నుంచి జనాభాతో పోలిస్తే ఎక్కువమంది వస్తున్నారు. దూరం పెరిగేకొద్దీ సంఖ్య పడిపోతోంది. ఆసుపత్రికి దగ్గరగా ఉన్నంత మాత్రాన జబ్బు ఎక్కువ రాదు కదా. మారింది దారి ఖర్చు, ప్రయాణం, ఆసుపత్రి గురించి తెలిసి ఉండటం. దూరం పెరిగేకొద్దీ వాడకం తగ్గడాన్ని ఇప్పటికీ జార్విస్ సూత్రమనే అంటారు.

టేబుల్ వేసే ప్రతిసారీ నేను ఈయన్ని తలుచుకుంటాను. మన చేతికొచ్చే అంకె ఆసుపత్రి గుమ్మం దాటినవాళ్లది. గుమ్మం దాకా రాలేకపోయినవాళ్లు అందులో ఉండరు.

దశ 1: ప్రశ్నను ఒక వాక్యంలో రాసుకోండి

"మానసిక ఆరోగ్య సేవల వాడకంలో ప్రాంతీయ తేడాలు" అనేది ప్రశ్న కాదు, ఫైలు పేరు. "18 ఏళ్లు దాటినవారిలో, ఒక సంవత్సరంలో కనీసం ఒకసారి సైకియాట్రీ వార్డులో చేరినవారు ప్రతి ప్రాంతంలో లక్షకు ఎంతమంది, అదే ఏడాది ఓపీకి కనీసం ఒకసారి వచ్చినవారు ఎంతమంది" అంటే అది ప్రశ్న. ఎవరు, ఏ సేవ, ఎంత కాలం, దేనికి భాగిస్తాం అనే నాలుగూ ఆ వాక్యంలో ఉండాలి.

కాలం ఎంచుకునేటప్పుడు 2020, 2021 సంవత్సరాలను వేరుగా పెట్టండి. కోవిడ్‌లో వార్డులు ఖాళీ చేయడం, ఓపీ ఫోన్ మీదకి మారడం ప్రాంతానికో రకంగా జరిగాయి. వీలైతే మూడేళ్ల సగటు తీసుకోండి.

దశ 2: పేరు చూసి కాదు, చేసే పని చూసి విడగొట్టండి

పోలికలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. ఒక ప్రాంతంలో 'మానసిక ఆసుపత్రి' అనే బోర్డు ఉంటుంది. ఇంకో ప్రాంతంలో ఆ బోర్డే ఉండదు, జనరల్ ఆసుపత్రి మూడో అంతస్తులో సైకియాట్రీ వార్డు ఉంటుంది. మొదటిదాన్ని మాత్రమే లెక్కేస్తే రెండో ప్రాంతంలో అడ్మిషన్లు సున్నా.

ఇటలీని చూడండి. 1978లో 180వ నంబరు చట్టం వచ్చింది. ట్రియెస్టేలో మానసిక ఆసుపత్రి తలుపులు తెరిపించిన ఫ్రాంకో బసాలియా ఆ ఉద్యమానికి ముఖ్యుడు. పాత ఆసుపత్రుల్లోకి కొత్త అడ్మిషన్లు ఆపేశారు. వాటి బదులు జనరల్ ఆసుపత్రుల్లో ఒక్కొక్కటి 15 బెడ్లు మించని చిన్న వార్డులు, ఊళ్లో కమ్యూనిటీ మానసిక ఆరోగ్య కేంద్రాలు వచ్చాయి. ఇప్పుడు ఆ దేశంలో ఆసుపత్రి సైకియాట్రీ బెడ్లు వెయ్యి జనాభాకు 0.1 కూడా లేవు. జపాన్‌లో సుమారు 2.6 ఉన్నాయి. పాతిక రెట్ల తేడా చూసి గుండె ఆగనక్కర్లేదు. జపాన్ లెక్కలో ఏళ్ల తరబడి ఉండిపోయినవారి బెడ్లు, మతిమరుపు జబ్బు ఉన్న వృద్ధుల బెడ్లు చాలా ఉన్నాయి. ఇటలీలో అలాంటివారిలో చాలామంది ఆసుపత్రి కాని నివాస కేంద్రాల్లో ఉంటారు, అవి బెడ్ల లెక్కలోకి రావు. తేడా నిజంగానే పెద్దది, కానీ పాతిక రెట్లలో కొంత భాగం కేవలం పేరు పెట్టడంలోని తేడా.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2001 నుంచి వెలువరిస్తున్న మెంటల్ హెల్త్ అట్లాస్‌లో అందుకే మానసిక ఆసుపత్రులు, జనరల్ ఆసుపత్రుల్లోని సైకియాట్రీ వార్డులు, కమ్యూనిటీ నివాస కేంద్రాలు అని వేరువేరు గడులు ఉంటాయి. 1990ల్లో యూరప్‌లో తయారైన ఈఎస్ఎంఎస్ అనే పద్ధతి, తర్వాత దాన్ని విస్తరించి తెచ్చిన డెస్డే కూడా ఇదే దారిలో నడుస్తాయి: కేంద్రం పేరు పక్కన పెట్టి, రాత్రి అక్కడే ఉంటారా, పగలు మాత్రమే ఉంటారా, వచ్చి చూపించుకుని వెళ్తారా అని అడుగుతాయి.

మీరు కూడా ఒక కాగితం మీద ఈ మాత్రం చేయండి. ప్రతి ప్రాంతంలో ఉన్న ప్రతి కేంద్రానికీ ఒక వరస. రాత్రి డాక్టరు లేదా నర్సు డ్యూటీలో ఉంటారా? సగటున ఎన్నాళ్లు ఉంటారు? పోలీసు, కోర్టు ద్వారా వచ్చినవారు కూడా ఇక్కడే ఉంటారా? డే కేర్‌ను మీరు ఓపీలో కలిపారా, విడిగా పెట్టారా? ఏ నిర్ణయమైనా సరే, అన్ని ప్రాంతాలకూ ఒకటే ఉండాలి.

జబ్బుల జాబితా విషయంలోనూ ఇంతే. ఐసీడీ-10లో (ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బులకు కోడ్‌లిచ్చే జాబితా) మానసిక జబ్బుల ఎఫ్ అధ్యాయం మొత్తం తీసుకుంటే డిమెన్షియా (మతిమరుపు జబ్బు), మద్యం, డ్రగ్స్, మేధో వైకల్యం అన్నీ అందులోనే ఉంటాయి. మద్యం మాన్పించే చికిత్స ఒకచోట సైకియాట్రీ వార్డులో, ఇంకోచోట మెడికల్ వార్డులో జరుగుతుంది. ఆత్మహత్యాయత్నం చేసినవారు చాలాసార్లు విషప్రయోగం, గాయం కోడ్ మీద జనరల్ వార్డులో చేరతారు, ఎఫ్ కోడ్ పడదు. నా సలహా: మొత్తం లెక్క ఒకటి వేయండి. దానితోపాటు స్కిజోఫ్రెనియా, బైపోలార్ లాంటి తీవ్రమైన జబ్బులకు మాత్రమే ఇంకోటి వేయండి. ఆ రెండో లెక్కలో ప్రాంతాల వరస మారిపోతే, తేడా చాలావరకు మద్యం లేదా డిమెన్షియా కేసులను ఎక్కడ చూస్తున్నారన్న దాని వల్లే వస్తోందని అనుమానించాలి.

దశ 3: ఆసుపత్రి ఎక్కడుందో కాదు, మనిషి ఎక్కడివాడో చూడండి

నేను మొదటిసారి ఇలాంటి మ్యాప్ గీసినప్పుడు చేసిన పొరపాటు ఇదే. అడ్మిషన్లను ఆసుపత్రి ఉన్న ప్రాంతం ఖాతాలో వేశాను. చిన్న ప్రాంతం ఒకటి ముదురు ఎరుపులో వెలిగిపోయింది, చుట్టూ నాలుగు ప్రాంతాలు తెల్లగా మిగిలాయి. అక్కడ పనిచేసే ఒక సీనియర్ నర్సు మ్యాప్ చూసి, "ఈ లెక్కన మా వీధిలో ఇంటికొకరు చేరి ఉండాలి సార్" అని నవ్వేశారు. పెద్ద ఆసుపత్రి అక్కడుంది, పేషెంట్లు ఐదు ప్రాంతాల నుంచి వస్తున్నారు. అంతే సంగతి.

భాగించేది ప్రాంత జనాభాతో అయినప్పుడు, పైన ఉండాల్సింది ఆ ప్రాంతంలో నివసించేవారి అడ్మిషన్లే, వాళ్లు ఎక్కడ చేరినా సరే. దీనికి సరిహద్దు అవతలి ఆసుపత్రుల డేటా కూడా కావాలి. అది దొరక్కపోతే అంచు ప్రాంతాల రేటు తక్కువగా కనిపిస్తుంది. ఆ మాట టేబుల్ కిందే రాయాలి.

అడ్రస్ గడిలో రెండు చిక్కులున్నాయి. ఏళ్ల తరబడి వార్డులో ఉన్నవారికి కాలక్రమంలో ఆసుపత్రి అడ్రసే ఇంటి అడ్రస్‌గా మారిపోతుంది. ఒకే అడ్రస్ మీద వందమంది కనిపిస్తే అదేమిటో చూడండి. ఇక రోడ్డు మీద దొరికి చేర్చబడినవారికి అడ్రసే ఉండదు. వారిని తీసేయకండి, 'నివాసం తెలియనివారు' అని విడి వరస పెట్టండి. ఆ వరస పొడవే ఒక సమాచారం.

దశ 4: అడ్మిషన్లా, మనుషులా, రోజులా?

ఆసుపత్రి వాడకం అంటే ఒక అంకె కాదు. కనీసం మూడున్నాయి, మూడూ వేరు కథలు చెబుతాయి.

ఊహించిన రెండు ప్రాంతాలు తీసుకుందాం. రెండింటిలోనూ ఏడాదికి 300 అడ్మిషన్లు. మొదటిదానిలో చేరినవారు 290 మంది. రెండోదానిలో 180 మందే. అంటే మొదటిచోట మనిషికి 1.03 అడ్మిషన్లు, రెండోచోట 1.67. రెండోచోట కొందరు ఇంటికి వెళ్లి, మందులు ఆగిపోయి, మళ్లీ వస్తున్నారని అనుమానించాలి. అడ్మిషన్ల రేటు ఒక్కటే చూస్తే ఈ రెండూ కవలపిల్లల్లా కనిపిస్తాయి.

బెడ్ రోజులూ అంతే. 200 మంది తలా 15 రోజులు ఉన్నా 3,000 రోజులు, పదిమంది తలా 300 రోజులు ఉన్నా 3,000 రోజులే.

మనుషులను లెక్కించాలంటే ఒకే మనిషి రికార్డులు కలపగలగాలి. గుర్తింపు నంబరు ఉంటే సుఖం. లేకపోతే పేరు, పుట్టిన తేదీ, లింగం కలిపి చూడాలి, ఆ పని ముగియగానే పేర్లు తీసేసి కోడ్ పెట్టాలి. ఈ పనిలో ట్రాన్స్‌ఫర్లు పట్టుకోండి: ఒక ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయిన రోజే లేదా మర్నాడే ఇంకోచోట చేరితే అది రెండో అడ్మిషన్ కాదు, ఒకే ఎపిసోడ్. అలా కలపకపోతే ట్రాన్స్‌ఫర్లు ఎక్కువ జరిగే ప్రాంతం ఊరికే ముందుకు దూసుకొస్తుంది.

సగటు బస గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇందులో అనుభవజ్ఞులు కూడా బోల్తా పడతారు. చాలా రిజిస్టర్లు డిశ్చార్జి అయినప్పుడే బస రోజులు లెక్కిస్తాయి. ఇరవై ఏళ్లుగా వార్డులోనే ఉన్న మనిషి డిశ్చార్జి కాలేదు కాబట్టి ఆ లెక్కలో లేనే లేడు. ఏదో ఒక ఏడాది ఆ పాత వార్డు మూసి, అందులోని 40 మందిని నివాస కేంద్రానికి పంపారనుకోండి. అప్పుడు ఒక్కొక్కరి పేరు మీద 7,000 రోజులు ఒకేసారి డిశ్చార్జి లెక్కలోకి వచ్చి పడతాయి. ఆ ఏడాది సగటు బస ఆకాశానికి ఎగురుతుంది, పేపర్లో 'రోగుల బస పెరిగిపోయింది' అని వస్తుంది. నిజానికి జరిగింది దానికి పూర్తిగా తలకిందులు.

మందు సులువే. సగటు బదులు మీడియన్ (అన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదాకా పేరిస్తే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె) వాడండి. దానికి తోడు ఏడాదిలో ఏదో ఒక రోజు, వార్డులో ఆ రాత్రి ఉన్నవారిని లెక్కపెట్టండి: వారిలో ఏడాది దాటినవారు ఎందరు, ఐదేళ్లు దాటినవారు ఎందరు. ఈ ఒక్క రోజు లెక్క, డిశ్చార్జి రిజిస్టర్ చెప్పలేనిది చెబుతుంది.

దశ 5: ఓపీ లెక్క, అసలు తలనొప్పి

బెడ్ మీద మనిషి ఉన్నాడా లేదా అనేదానిలో అనుమానం లేదు. ఓపీ అలా కాదు. 'ఒక విజిట్' అంటే ఏమిటో ఒక్కో కేంద్రం ఒక్కోలా అనుకుంటుంది.

డాక్టరు చూస్తే ఒక విజిట్, సరే. అదే రోజు సైకాలజిస్టు కూడా చూస్తే రెండా? పదిమంది గ్రూప్ థెరపీకి కూర్చుంటే ఒకటా, పదా? ఇంజెక్షన్‌కి వచ్చి నర్సును కలిసి వెళ్తే? ఫోన్‌లో మాట్లాడితే? నర్సు ఇంటికి వెళ్తే? పేషెంట్ రాలేదు, అమ్మో భార్యో వచ్చి నెలరోజుల మందులు తీసుకెళ్లారు, దాన్నేమంటారు? అపాయింట్‌మెంట్ ఉండి రానివాళ్లను కూడా కొన్ని సాఫ్ట్‌వేర్లు విజిట్ కిందే వేసేస్తాయి.

కాబట్టి విజిట్ల మొత్తాన్ని ప్రాంతాల మధ్య పోల్చడం నాకు ఇష్టం ఉండదు. దాని బదులు ఇవి చూడండి. ఏడాదిలో కనీసం ఒకసారి ఎదురుగా కూర్చుని ఎవరినైనా కలిసిన మనుషులు లక్షకు ఎంతమంది? వారిలో కొత్తవారు ఎంత? ఇక్కడ 'కొత్త' అంటే ఏమిటో ముందే తేల్చుకోండి. గత 12 నెలల్లో ఎక్కడా రానివారా, జీవితంలో మొదటిసారా? ఒక్కసారి వచ్చి మళ్లీ రానివారి శాతం ఎంత? ఈ చివరిది నాకు చాలా ముఖ్యంగా తోస్తుంది. ఓపీ రేటు ఘనంగా ఉండి, సగం మంది ఒకే విజిట్‌తో మాయమైతే, అక్కడ సేవ అందుతోందని అనలేం.

ప్రైవేటు క్లినిక్‌లు, ఫ్యామిలీ డాక్టర్లు చూసే కేసులు చాలాచోట్ల ప్రభుత్వ రిజిస్టర్‌లో ఉండవు. డిప్రెషన్, ఆందోళన ఉన్నవారిలో ఎక్కువమంది అక్కడికే వెళ్తారు. ఒక ప్రాంతంలో ప్రైవేటు బలంగా ఉంటే ప్రభుత్వ ఓపీ రేటు తక్కువగా కనిపిస్తుంది. మందుల డేటా దొరికితే సరిచూసుకోవచ్చు. ముఖ్యంగా లిథియం, క్లోజపిన్ లాంటివి, ఎందుకంటే అవి దాదాపుగా తీవ్రమైన జబ్బులకే రాస్తారు.

ఇక ఆసుపత్రికీ ఓపీకీ మధ్య వంతెన. డిశ్చార్జి అయ్యాక 7 రోజుల్లో, 30 రోజుల్లో ఎంతమంది ఓపీలో కనిపించారు అన్న కొలత అమెరికాలో ఆరోగ్య బీమా పథకాల నాణ్యతను కొలిచే హెడిస్ ప్రమాణాల్లో చాలాకాలంగా ఉంది, మిగతా చోట్లా వాడుతున్నారు. నన్నడిగితే, ఒకే ఒక్క అంకె వేయడానికి టైమ్ ఉంటే ఇది వేయండి. వేసేటప్పుడు చిన్న జాగ్రత్త: డిసెంబరు 20న డిశ్చార్జి అయినవారి 30 రోజులు జనవరిలోకి వెళ్తాయి. ఓపీ ఫైలు డిసెంబరు 31తో ఆగిపోతే వాళ్లంతా 'ఫాలోఅప్‌కి రానివారు' అవుతారు. అలాగే ఆ 30 రోజుల్లో మళ్లీ చేరినవారిని, చనిపోయినవారిని భాగహారంలో ఉంచాలా తీసేయాలా అన్నది ముందే రాసిపెట్టుకోండి. ఫలితం చూశాక నిర్ణయిస్తే మనసు మనకు నచ్చినవైపు లాగుతుంది.

దశ 6: వయసు సర్దుబాటు

వృద్ధులు ఎక్కువున్న ప్రాంతాన్ని కుర్రాళ్లు ఎక్కువున్న ప్రాంతంతో నేరుగా పోల్చకూడదని అందరికీ తెలుసు. అయినా సగం రిపోర్టుల్లో చేయరు. చేతితో ఒకసారి చేసి చూపిస్తాను, అంకెలు నేను కల్పించినవి.

తూర్పు ప్రాంతంలో 18–44 వయసువారు 2,50,000, వారిలో ఆసుపత్రిలో చేరినవారు 500. 45–64 వారు 1,00,000, చేరినవారు 300. 65 దాటినవారు 50,000, చేరినవారు 300. మొత్తం 4,00,000 మందిలో 1,100. లక్షకు 275.

పడమర ప్రాంతంలో ఇదే వరసలో 1,00,000 మందిలో 210, 80,000 మందిలో 248, 70,000 మందిలో 413. మొత్తం 2,50,000 మందిలో 871. లక్షకు 348.

పడమర 27 శాతం ఎక్కువ. హెడ్‌లైన్ రెడీ. ఇప్పుడు వయసు గుంపుల రేట్లు విడిగా చూడండి. తూర్పులో 200, 300, 600. పడమరలో 210, 310, 590. దాదాపు ఒకటే! రెండు ప్రాంతాల జనాభా కలిపి ఒక ఉమ్మడి జనాభా అనుకుందాం: 3,50,000, 1,80,000, 1,20,000. ఈ జనాభాకు తూర్పు రేట్లు వర్తింపజేస్తే 700, 540, 720, మొత్తం 1,960. దాన్ని 6,50,000తో భాగిస్తే లక్షకు 302. పడమర రేట్లతో 735, 558, 708, మొత్తం 2,001. లక్షకు 308. 27 శాతం తేడా 2 శాతానికి దిగింది. పడమరలో పెద్దవయసువారు ఎక్కువ, అదే అసలు కథ.

ఆడ, మగ విడివిడిగా కూడా ఇలాగే చేయవచ్చు. ఆసుపత్రికీ ఓపీకీ ఒకే ఉమ్మడి జనాభా వాడండి. పేదరికం, ఒంటరి నివాసం, నిరుద్యోగం లాంటివాటితో కూడా సర్దుబాటు చేయాలని కొందరంటారు. వాటిని విడి కాలమ్‌గా పక్కన చూపిస్తే మేలని నా అభిప్రాయం. అన్నిటినీ సర్దుబాటు చేసి తుడిచేస్తే మనం వెతుకుతున్న తేడానే తుడిచేసినవాళ్లం అవుతాం.

దశ 7: చిన్న అంకెలు

12,000 మంది ఉన్న చిన్న ప్రాంతంలో ఏడాదికి 9 మంది చేరారు. లక్షకు 75. ఈ 9కి పాయిజాన్ పద్ధతిలో (చిన్న లెక్కల్లో యాదృచ్ఛికంగా వచ్చే హెచ్చుతగ్గులను అంచనా వేసే పద్ధతి) 95 శాతం హద్దులు వేస్తే సుమారు 4 నుంచి 17 వరకు వస్తాయి. అంటే రేటు 34 నుంచి 142 వరకు ఎక్కడైనా ఉండవచ్చు. వచ్చే ఏడు 15 మంది వస్తే 'మూడింట రెండు వంతుల పెరుగుదల' అని గోల చేయడానికి లేదు.

చేతిలెక్క కావాలంటే: కేసులు 100 ఉంటే రేటులో ఇరవై శాతం అటూఇటూ, 25 ఉంటే నలభై శాతం అటూఇటూ సహజం. ఆ పరిధిలోని తేడాలకు కారణాలు వెతకడం టైమ్ వేస్ట్. చిన్న ప్రాంతాలను కలపండి, లేదా మూడు నుంచి ఐదేళ్లు కలపండి. గరిష్ఠ రేటును కనిష్ఠ రేటుతో భాగించి 'పది రెట్ల తేడా' అని చెప్పడం చూడటానికి బాగుంటుంది గానీ, ఆ రెండు చివర్లలో ఉండేవి సాధారణంగా చిన్న ప్రాంతాలే. నేనైతే పైనా కిందా పది శాతం ప్రాంతాలు వదిలేసి మిగతావాటి మధ్య తేడా చెబుతాను.

దశ 8: రెండూ ఒకే బొమ్మలో

అడ్డం గీత మీద ఓపీకి వచ్చినవారి రేటు, నిలువు గీత మీద ఆసుపత్రిలో చేరినవారి రేటు. ప్రతి ప్రాంతం ఒక చుక్క. రెండింటికీ మీడియన్ దగ్గర గీతలు గీస్తే నాలుగు గదులు వస్తాయి.

ఆసుపత్రి ఎక్కువ, ఓపీ తక్కువ ఉన్న గదిలో మనుషులు పరిస్థితి చేయిదాటాకే సేవ దగ్గరకి వస్తున్నారని అనుమానించాలి. డిశ్చార్జి తర్వాతి 30 రోజుల అంకె ఇక్కడ ఎలా ఉందో వెంటనే చూడండి.

ఆసుపత్రి తక్కువ, ఓపీ ఎక్కువ గది అందరికీ ముద్దొస్తుంది. తొందరపడకండి. బెడ్లే లేక తక్కువగా ఉండవచ్చు. చేరాల్సినవారు ఎమర్జెన్సీలో రెండు రోజులు కుర్చీలో కూర్చుంటున్నారేమో, పక్క ప్రాంతానికి పంపిస్తున్నారేమో అడగండి. అలాంటివేమీ లేకపోతే అప్పుడు మెచ్చుకోండి.

రెండూ ఎక్కువున్న చోట సేవలు దండిగా ఉన్నాయి లేదా అవసరమే ఎక్కువ. పెద్ద నగరాల నడిబొడ్డు తరచూ ఇక్కడ పడుతుంది. రెండూ తక్కువున్న గది గురించి ఎవరూ మాట్లాడరు, ఎందుకంటే అక్కడ ఫిర్యాదు చేసేవారూ తక్కువే. నా దృష్టిలో ముందు వెళ్లి చూడాల్సింది అక్కడికే. ప్రైవేటుకి వెళ్తున్నారా, దూరమా, సిగ్గా, లేక మన డేటాలోనే పడలేదా?

ఒక మాట: ఓపీ పెంచితే అడ్మిషన్లు వెంటనే తగ్గుతాయని ఆశించకండి. కొత్త టీమ్ ఊళ్లోకి వెళ్లగానే ఏళ్లుగా గదిలో ఉండిపోయినవారు బయటపడతారు, వారిలో కొందరికి అడ్మిషన్ అవసరమే. మొదట రెండూ కలిసి పెరగవచ్చు. అందుకే ఒక్క ఏడాది ఫోటోతో సరిపెట్టుకోకుండా, ఒకే ప్రాంతాన్ని ఏళ్ల తరబడి చూడాలి. ఇటలీలోని సౌత్ వెరోనా కేస్ రిజిస్టర్, దశ 2లో చెప్పిన 1978 చట్టం వచ్చిన కొత్తలోనే మొదలై, అదే జనాభా ఆసుపత్రినీ కమ్యూనిటీ కేంద్రాన్నీ ఎలా వాడుకుంటోందో దశాబ్దాల పాటు నమోదు చేసింది. లండన్‌లోని క్యాంబర్‌వెల్‌లో అలాంటి రిజిస్టర్ 1960ల్లోనే ఉండేది.

దశ 9: కారణాలు వెతికే వరస

వరస ముఖ్యం. మొదట లెక్కింపు తేడాలు (దశ 2 నుంచి 5 వరకు చెప్పినవి). తర్వాత సరఫరా: బెడ్లు ఎన్ని, సైకియాట్రిస్టులు ఎందరు, దూరం ఎంత. ఆరోగ్య సేవల పరిశోధకుడు మిల్టన్ రోమర్ 1960 ప్రాంతంలో చెప్పినట్టు, బెడ్ వేస్తే అది నిండుతుంది. ఆ తర్వాత డాక్టర్ల అలవాట్లు. జాన్ వెన్‌బర్గ్, అలన్ గిటెల్సన్ అనే పరిశోధకులు 1973లో అమెరికాలోని వెర్మాంట్‌లో పక్కపక్క ప్రాంతాల మధ్య ఆపరేషన్ల రేట్లు ఎంత మారిపోతున్నాయో చూపించారు. జబ్బులు అంతగా మారవు, డాక్టర్ల అభిప్రాయాలు మారతాయి. ఎప్పుడు చేర్చాలి అనే విషయంలో ఒకే అభిప్రాయం లేని సైకియాట్రీలో ఇది ఇంకా ఎక్కువ.

నాలుగోది సామాజిక పరిస్థితులు. 1939లో ఫారిస్, డన్‌హమ్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు షికాగోలో ఆసుపత్రిలో చేరినవారి ఇళ్లను మ్యాప్ మీద గుర్తించారు. స్కిజోఫ్రెనియా రేట్లు నగరం మధ్యలోని పేద వాడల్లో అత్యధికం, బయటికి పోయేకొద్దీ తగ్గాయి. ఆ వాడలే జబ్బు తెస్తున్నాయా, జబ్బు వచ్చి ఉద్యోగం పోయినవారు చవక గదుల కోసం అక్కడికి చేరుతున్నారా అన్న వాదన అప్పుడు మొదలై ఇంకా ముగియలేదు. ప్రాంతం స్థాయి డేటాతో దాన్ని మీరు తేల్చలేరు, తేల్చానని రాయకండి.

అదే ఏడాది బ్రిటిష్ వైద్యుడు లయొనెల్ పెన్‌రోజ్ 18 యూరప్ దేశాల లెక్కలు తీసి, మానసిక ఆసుపత్రుల్లో మనుషులు తక్కువున్నచోట జైళ్లలో ఎక్కువున్నారని చూపించారు. ఒకటి తగ్గినందుకే రెండోది పెరుగుతుందా అన్నదానిపై తర్వాత చాలా విమర్శ వచ్చింది. అయినా ఆయన్ని చదివాక ఒక అలవాటు చేసుకోవాలి: ఆసుపత్రి, ఓపీ రెండూ తక్కువగా కనిపిస్తే జైలు, నిరాశ్రయుల షెల్టర్, ప్రార్థనా స్థలాల వైపు కూడా ఒకసారి తొంగిచూడటం.

ఇవన్నీ అయ్యాక, అన్నిటికంటే చివర, 'అక్కడ జబ్బు ఎక్కువేమో' అన్న మాట. దానికి ఇంటింటి సర్వే కావాలి, ఆసుపత్రి రిజిస్టర్ చాలదు.

దశ 10: రాయడం, చూపించడం

ఐదు కన్నా తక్కువ మంది ఉన్న గడులు మూసేయండి. చిన్న ప్రాంతంలో '65 దాటిన ఆడవారు, బైపోలార్, 1' అని రాస్తే ఆ ఒకరెవరో ఊరందరికీ తెలుస్తుంది.

ప్రాంతాలను మార్కుల లిస్టులా ఒకటి, రెండు, మూడు అని పేర్చకండి. వాక్యాలు ఇలా ఉంటే చాలు: "ఉత్తర ప్రాంతంలో నివసించే పెద్దల్లో ఆసుపత్రిలో చేరినవారి రేటు మిగతావాటి కంటే ఎక్కువ. వయసు సర్దుబాటు చేశాక కూడా తేడా ఉంది. డిశ్చార్జి తర్వాత 30 రోజుల్లో ఓపీకి వచ్చినవారు ఇక్కడ తక్కువ. ప్రైవేటు డేటా కలపలేదు." దీన్ని ఎవరూ లాగి 'ఉత్తరంలో మానసిక రోగులు ఎక్కువ' అని చేయడం కష్టం. అయినా చేస్తారు, అది వేరే సంగతి.

ప్రింట్‌కి పంపే ముందు టేబుల్ పట్టుకుని రెండు మూడు ప్రాంతాలకు వెళ్లండి. పెద్ద డాక్టరుతోపాటు రికార్డు గదిలో కూర్చునే మనిషిని, ఓపీ చీటీలు రాసే మనిషిని కలవండి. ఓ ఏడాది అడ్మిషన్లు సగానికి పడిపోవడం చూసి నేను రెండు వారాలు తల బద్దలు కొట్టుకున్నాను. ఓపీ పెరిగిందా, కొత్త పాలసీ వచ్చిందా అని పేజీన్నర వివరణ కూడా రాశాను. రికార్డు గదిలో ఆయన టేబుల్ మీద వేలు పెట్టి, "ఆ ఏడు వానలకి ఆడవాళ్ల వార్డు పైకప్పు కారింది సార్, ఏడు నెలలు తాళం వేసి ఉంది" అన్నారు.